పేరు లేని వరుసలు

ఆమెకు ముక్కు మీదే కోపమని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ కోపానికి ఒక లెక్క ఉందని మాత్రం కొద్దిమందికే తెలుసు. అన్నం చల్లారిపోయినా, జీతం పెరగకపోయినా, బస్సు కళ్లముందే వెళ్లిపోయినా ఆమె పట్టించుకోదు. వెయ్యి వరుసల సమాచారం పంపిస్తే తొమ్మిది వందల తొంభై తొమ్మిది చేరాయని, ఆ ఒక్కటీ ఏమైందో తెలియదని ఎవరైనా తేలిగ్గా అంటే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అందరూ ఆమెను గొట్టాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది అత్తగారే. పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆవిడ, "ఇంతకీ నువ్వు చేసే పనేంటమ్మా?" అని అడిగింది.

"ఒకచోట పుట్టిన సమాచారాన్ని ఇంకోచోటికి చేర్చే గొట్టాలు తయారుచేస్తా అత్తయ్యా."

"నీళ్ల గొట్టాల్లాంటివా?"

"అలాంటివే. కాకపోతే కనపడవు."

"కనపడని గొట్టాలకి జీతం కూడా ఇస్తున్నారా? మంచి కాలంలో పుట్టావు, గొట్టాలమ్మా."

ఈ ముచ్చట ఆమె భర్త ఎవరికో చెప్పాడు, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. చివరికి ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు కూడా ఆమె అసలు పేరు తెలియకుండా పోయింది.

చదివింది రసాయన శాస్త్రం. ప్రయోగశాలలో మూడేళ్లు గాజుగొట్టాలు కడిగి, ఉద్యోగం కోసం కంప్యూటర్ల వైపు వచ్చింది. వచ్చేటప్పుడు అక్కడి అలవాటు ఒకటి వెంట తెచ్చుకుంది. కుప్పెలో పోసిందంతా ఎక్కడో ఒకచోట తేలాలి. ఆవిరయితే ఎంత ఆవిరయిందో, గోడకంటుకుంటే ఎంత అంటుకుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఫలితం ఎంత ముచ్చటగా ఉన్నా ప్రయోగం తప్పినట్టే.

ఆమె తయారుచేసిన కనెక్టర్ ప్లగిన్ పని చెప్పుకోవడానికి తేలికే. ఆసుపత్రులూ ల్యాబులూ దుకాణాలూ ఎవరి కంప్యూటర్లలో వాళ్లు రోజంతా వరుసలు వరుసలుగా సమాచారం రాసుకుంటూ ఉంటారు. ఆ వరుసల్ని పోగుచేసి, మూటలు కట్టి, క్లౌడ్‌లో ఉండే పెద్ద గిడ్డంగికి చేర్చాలి. దాన్నే డేటా వేర్‌హౌస్ అంటారు. గిడ్డంగి గుమ్మం దగ్గర తనిఖీ ఉంటుంది. తేదీ ఉండాల్సిన గడిలో ఇంకేదో ఉన్నా, ఖాళీగా ఉండకూడదన్న గడి ఖాళీగా ఉన్నా, ఆ వరుసను లోపలికి రానివ్వదు. అలా వెనక్కి వచ్చిన వరుసను ఏం చెయ్యాలన్నదే ఈ పనిలో అసలు తలనొప్పి. ఒక్క వరుస కోసం మొత్తం మూటను ఆపెయ్యాలా? దాన్ని దాటేసి మిగతావి ఎక్కించెయ్యాలా?

ఆమె మూడో దారి గీసింది. వెనక్కి వచ్చిన వరుసను పక్కనో అరలో పెట్టాలి, వెంటనే ఒక మనిషి ఫోను మోగాలి. ఆ మనిషి చూసి, సరిచేసి, మళ్లీ ఎక్కించాలి. పదకొండు పేజీలు రాసి మేనేజర్ ముందు పెడితే, ఆయన చివరి పేజీ తిప్పి, "బాగుందమ్మా. దీన్ని తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అన్నాడు. తర్వాతి వెర్షన్ ఎప్పుడూ తర్వాతే ఉంటుందని ఆమెకు తెలుసు. అందుకే, కనీసం తప్పు వరుస వస్తే గొట్టం ఆగిపోవాలి, తెర మీద ఎర్రగా కనపడాలి అని పట్టుబట్టి సాధించుకుంది. 'ఆగు' అన్నదే ముందుగా ఉండే అమరిక. 'దాటెయ్' అని ఇంకోటి కూడా ఉంది. అది కావాలంటే ఎవరో ఒకరు చేతులారా తిప్పాలి.

ఆ ఎరుపే ఆఫీసులో గొడవ. హాలు గోడకి పెద్ద తెర ఉంది. దాని మీద ఒక్కో క్లయింటుకు ఒక్కో గడి. అంతా సవ్యంగా ఉంటే ఆకుపచ్చ, ఏ గొట్టమైనా ఆగితే ఎరుపు. రోజూ తొమ్మిదిన్నరకు మేనేజర్ ఆ తెర ఎదురుగా నిలబడి ఫోనుతో ఫొటో తీసి పైవాళ్లకు పంపిస్తాడు. పొద్దున ఫొటో అంటే ఆ ఆఫీసులో నిత్యపూజ లాంటిది. ఫొటోలో ఒక్క గడి ఎర్రగా ఉన్నా ఆయనకు ఆ రోజంతా కాఫీ సయించదు.

గొట్టాలమ్మ ప్రసవానికి సెలవు పెట్టింది. ఆడపిల్ల పుట్టింది. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి గోడ నిండా ఆకుపచ్చే. రెండు వారాలుగా ఒక్క ఎర్రగడి కూడా లేదు. అందరూ అభినందించుకుంటున్నారు. ఆమె కూడా తన ప్లగిన్ ఇంత బాగా కుదిరిందా అని లోపల కాస్త మురిసింది. తర్వాత ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది ఆ మురిపెం గుర్తొచ్చినప్పుడే.

ఐదు వారాలు అలాగే గడిచాక, ఒక సోమవారం పొద్దున సహాయ విభాగం నుంచి ఒక ఫోను ఆమె బల్ల మీదకు వచ్చి పడింది.

"మీరేనా ఆ గొట్టాల ఆవిడ?" అవతల నడివయసు గొంతు. "నాలుగు రోజుల్నుంచి నన్ను ఆ చేతి నుంచి ఈ చేతికి బంతిలా విసురుతున్నారమ్మా. మీ కుర్చీ తర్వాత ఇంక కుర్చీ లేదని చెప్పారు, నిజమేనా?"

"నిజమే. చెప్పండి."

"నేను పసిపిల్లల ల్యాబులో టెక్నీషియన్ని. మీకు పిల్లలున్నారా?"

"పాప. పుట్టి ఎనిమిదో నెల."

"అయితే మీకు తెలిసే ఉంటుంది. పుట్టిన మూడో రోజు మడమ మీద చిన్నగా పొడిచి, నాలుగు చుక్కలు అట్టకార్డు మీద ఆరబెట్టి మాకు పంపుతారు. థైరాయిడ్ లాంటివి చూస్తాం. తేడాగా ఉంటే ఆ బిడ్డని మళ్లీ పిలిపించి చూడాలి. రెండు నెలల కిందటి దాకా నేనే ఫోన్ చేసి పిలిచేదాన్ని. ఇప్పుడు మీ గొట్టం పెట్టారుగా, మేం ఫలితం ఎక్కిస్తాం, అది ఎక్కడికో వెళ్తుంది, అక్కణ్ణుంచి నర్సులకి జాబితా వెళ్తుంది, వాళ్లు పిలుస్తారు."

"అవును."

"ఒక కార్డులో అంకె చాలా ఎక్కువొచ్చింది. అలాంటివి నేను చేతిపుస్తకంలో రాసుకుంటా, అది పాత జబ్బు నాకు. వారంలోగా ఆ బిడ్డ రెండో నమూనా మా దగ్గరికి రావాలి. రాలేదు. నర్సుల్ని అడిగితే మా జాబితాలో అలాంటి బిడ్డే లేదన్నారు. మీవాళ్లని అడిగితే మీ గొట్టం ఆకుపచ్చగా ఉంది, కంగారేం లేదు, మీ ఫిర్యాదు వరుసలో ఉంది అన్నారు."

"బిడ్డకిప్పుడు ఎన్ని రోజులు?"

"పద్దెనిమిది."

గొట్టాలమ్మ కలం కింద పెట్టింది. ఆ జబ్బు గురించి ఆమె చదివింది. గర్భంతో ఉన్నప్పుడు చదవకూడనివన్నీ చదివినవాళ్లలో ఆమె ఒకరు. మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే బిడ్డ అందరు పిల్లల్లాగే పెరుగుతుంది. ఆలస్యమైన కొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. రోజుకొక చిన్న మాత్ర, పాలలో కలిపి పట్టేది. అంత చిన్న మాత్రకీ ఆ బిడ్డకీ మధ్య ఇప్పుడు అడ్డంగా ఉన్నది తన గొట్టం.

"మీ కార్డు నంబరు చెప్పండి అక్కా. లైన్లోనే ఉండండి."

ల్యాబు పంపిన మూటలో ఆ నంబరు ఉంది. గిడ్డంగిలో లేదు. మధ్యలో ఎక్కడ పోయిందా అని ప్లగిన్ అమరికలు తెరిచింది. తప్పు వరుస వస్తే: దాటెయ్. ఆమె ఒకసారి కళ్లు మూసి తెరిచింది. అదే మాట ఉంది. ఏడు వారాల కిందటి తేదీ, ఉదయం తొమ్మిదీ ఇరవై రెండు. తొమ్మిదిన్నర ఫొటోకి ఎనిమిది నిమిషాల ముందు.

మిగతా లెక్క ఆమె చేతులు వాటంతటవే చేశాయి. ఏడు వారాల్లో ల్యాబులు పంపినవి అరవై ఒక్క వేల రెండు వందల నలభై. గిడ్డంగిలో చేరినవి యాభై తొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్భై రెండు. పదమూడు వందల అరవై ఎనిమిది వరుసలు గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఎటూ కాకుండా పోయాయి. వాటన్నిటికీ కారణం ఒక్కటే. పేరు అన్న గడి ఖాళీ.

"అక్కా, మీ ల్యాబులో పిల్లల పేరు ఎందుకు రాయరు?" ఆ ప్రశ్న కాస్త కటువుగానే వచ్చింది.

"పుట్టిన మూడో రోజుకి బిడ్డకి పేరెవరు పెడతారమ్మా? ఇంట్లో వాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉంటారు. తల్లి పేరు వేరే గడిలో రాస్తాం. ఫారం వెనకాల ఉంది కదా, పేరు పెట్టకపోతే ఖాళీగా వదలండి అని. పెద్ద ల్యాబుల్లో ఫలానా ఆవిడ పాప, ఫలానా ఆవిడ బాబు అని ఏదో ఒకటి కొట్టేస్తారు. మా మూడు చిన్న ల్యాబులే ఫారంలో ఉన్నట్టు చేసేది."

చెప్పినట్టు చేసినవాళ్ల పిల్లలే జాబితాలోంచి జారిపోయారన్నమాట. పైగా ఇన్ని వారాలూ ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఇంకా ఘోరం. ఫలితం బాగున్న బిడ్డను నర్సులు పిలవరు. దారిలో తప్పిపోయిన బిడ్డనూ పిలవరు. రెండు చోట్లా అదే నిశ్శబ్దం.

పోయిన వాటిలో ఫలితం తేడాగా ఉన్నవి వెతికింది. మూడు. ఒక బిడ్డకు రెండోసారి కార్డు వచ్చింది, అప్పటికి పేరు పెట్టారు కాబట్టి జాబితాలోకి ఎక్కింది. ఇంకో బిడ్డను వేరే జబ్బుతో చేర్చుకున్న ఆసుపత్రివాళ్లే కనిపెట్టి ల్యాబుకు రాశారు. ఆ ఇద్దరినీ కాపాడింది అదృష్టం. మూడోది ఈ టెక్నీషియన్ పుస్తకంలో ఉన్న బిడ్డ.

"మళ్లీ చేస్తా అక్కా. పది నిమిషాలు" అని ఫోను పెట్టేసి, పక్క వరుసలో కూర్చున్న సీనియర్ దగ్గరికి వెళ్లింది. ఏం చెప్పినా "సర్లే" అంటాడు కాబట్టి ఆయన పేరు సర్లే గారు. చెడ్డవాడు కాదు. ఎవరికీ ఎదురు చెప్పకుండా ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చిన మనిషి.

"ఈ అమరిక మార్చింది మీరేనా?"

ఆయన కళ్లజోడు సర్దుకుని తెర చూశాడు. "ఆ రోజు కొత్త క్లయింటు. మొదటిరోజే గడి ఎర్రగా ఉంది. సర్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఫొటో టైమవుతోంది, ఏదో ఒకటి చెయ్యండి అన్నాడు. సర్లే, ఇవాళ్టికి తిప్పి రేపు మళ్లీ సరిచేద్దామనుకున్నా."

"ఏ రేపు సర్లే గారూ?"

"మర్నాడు ఆకుపచ్చగానే ఉంది కదమ్మా. ఆకుపచ్చగా ఉన్నదాన్ని ఎవరు కదుపుతారు?"

"పేరు లేని పిల్లల్ని గొట్టం కింద పడేస్తోందని తెలుసా?"

"వరుసలు అనుకున్నా. పిల్లలు అనుకోలేదు." ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. అందుకే ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

మేనేజర్ గదిలోకి ఆమె తలుపు తట్టకుండా వెళ్లింది. నిలబడే చెప్పింది. ఆయన అంతా విని, కుర్చీ వెనక్కి వాల్చాడు.

"పడిపోయాయి అనకమ్మా. దాటవేయబడ్డాయి. సెట్టింగ్ చేసే పనే అది."

"సెట్టింగ్ తిప్పింది మనం."

"వాళ్ల డేటాలో పేర్లు లేకపోతే మనమేం చేస్తాం? సరే, చూద్దాం. ముందు లీగల్‌కి చెప్తాను. వాళ్లు క్లయింటు పెద్దాఫీసుకి రాస్తారు. వాళ్లు ల్యాబుకి చెప్తారు. గురువారానికల్లా ఒక దారికొస్తుంది."

"ఇవాళ సోమవారం సర్. ఆ బిడ్డకి పద్దెనిమిది రోజులు. గురువారానికి ఇరవై ఒకటి."

"మూడు రోజుల్లో ఏమైపోతుంది?" అని, గొంతు తగ్గించి, "నాకర్థమవుతోందమ్మా. నువ్వు కొత్తగా తల్లివయ్యావు. ఇలాంటివి చూస్తే మనసు కలుక్కుమంటుంది. సహజం" అన్నాడు.

ఆమెకు ఆ క్షణంలో బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ తీసి కిటికీకేసి కొట్టాలనిపించింది. చెయ్యి జేబులో పెట్టుకుంది.

"మనసు కాదు సర్, లెక్క. పంపింది ఎంతో చేరింది ఎంతో రోజూ చూసుకుంటే మొదటి రోజే తేలిపోయేది. ఫొటో తియ్యడానికి టైముంది, రెండు అంకెలు పక్కపక్కన పెట్టడానికి లేదు. నాకు పిల్లలు లేకపోయినా ఇదే అడుగుతా. మీకు ముగ్గురున్నారు, మీకేం కలుక్కుమనలేదా?"

"హద్దు మీరుతున్నావు."

"మీరాల్సింది ఏడు వారాల కిందట" అని బయటికొచ్చింది.

క్లయింటు సమాచారం బయటివాళ్లకు చెప్పకూడదన్నది రూలు. మెట్ల మీద కూర్చుని ఆమె ఆ రూలును ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుంది. కార్డు ల్యాబుదే. నంబరు వాళ్లదే. వాళ్లది వాళ్లకు చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి? ఫోను చేసింది.

"అక్కా, బిడ్డ జాబితాలో లేకపోవడం మా తప్పు. జాబితా కోసం చూడకండి. మీరే ఇప్పుడే ఆ తల్లికి ఫోన్ చేసెయ్యండి. దొరక్కపోతే నర్సును ఇంటికి పంపించండి. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పండి."

"మీకు మాటొస్తుందేమోనమ్మా."

"రానివ్వండి."

తర్వాత పని గొట్టం బాగుచెయ్యడం. అమరిక మళ్లీ 'ఆగు' అని తిప్పగానే గోడ మీద గడి ఎర్రబడింది. హాల్లో తలలన్నీ అటు తిరిగాయి. పదమూడు వందల అరవై ఎనిమిది వరుసలు లోపలికి రావాలంటే, పేరు గడి ఖాళీగా ఉండకూడదన్న షరతు తీసెయ్యాలి. ఆ షరతు ఆరోగ్య క్లయింట్ల కోసం ముందుగా తయారుచేసి పెట్టుకున్న పట్టికలో ఉంది. ఈ తెలివితక్కువ షరతు ఏ మహానుభావుడు పెట్టాడో పట్టుకుందామని, పళ్లు నూరుకుంటూ, పాత మార్పుల చరిత్ర తెరిచింది.

ఆమె పేరే ఉంది. సెలవుకు నెలన్నర ముందు తేదీ. షరతు పక్కన తన వేళ్లతో కొట్టిన చిన్న వివరణ కూడా ఉంది. "పేరు లేని మనిషి ఉండదు కదా."

ఆ రోజు గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఎనిమిదో నెల కడుపుతో, కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు చాచి ఈ వాక్యం కొట్టి ఉంటుంది. అప్పటికి కడుపులో తంతున్న మనిషికి పేరు లేదు. పుట్టాక పంతొమ్మిది రోజులు లేదు. ఆసుపత్రిలో పాప చేతికి కట్టిన పట్టీ మీద తన పేరే రాశారు. మడమ మీద పొడిచినప్పుడు పాప ఏడిస్తే తనూ ఏడ్చింది. ఆ కార్డు మీద పేరు గడిలో ఏం రాశారో చూడలేదు. అంతా తెలిసీ తిరిగొచ్చి, ఐదు వారాలు ఆ ఆకుపచ్చ గోడ కింద కూర్చుని టీ తాగింది.

కోపం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది రెండు వైపులా కోస్తోంది. షరతు తను పెట్టింది. పెట్టినా, 'ఆగు' అన్న అమరికను ఎవరూ కదపకపోతే మొదటిరోజు ఆగిన గొట్టం ఆగే ఉండి, ఎవరో ఒకరు చూసి, ఆ షరతు బయటపడి ఉండేది. రెండు తప్పులు కలిస్తే తప్ప ఇంత నిశ్శబ్దం సాధ్యం కాదు. ఒకటి తనది కావడం వల్ల రెండోది చిన్నదైపోదు. ఈ మాట తనకు తానే చెప్పుకోవాల్సి వచ్చింది, మళ్లీ మళ్లీ.

మధ్యాహ్నానికి వరుసలన్నీ ఎక్కాయి. సర్లే గారు పక్కనే కుర్చీ వేసుకుని ఒక్కో మూట లెక్క సరిచూశాడు. అడగకుండానే వచ్చాడు. ఒకసారి కూడా సర్లే అనలేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తగారు పాపకు అరటిపండు గుజ్జు తినిపిస్తోంది. సగం పాప గడ్డానికి, సగం ఆవిడ చీరకి.

"ఏంటి గొట్టాలమ్మ గారు, గుమ్మంలోనే చెప్పులు విసిరారు? ఏ గొట్టం పగిలింది?"

"నాదే అత్తయ్యా."

అంతా చెప్పింది. అత్తగారు చెంచా పట్టుకునే విన్నది. పాప చెంచా కోసం చేతులు చాచి, అందక, బల్లను గుద్దుతోంది.

"ఆ పిల్ల దొరికిందా?"

"తల్లి ఫోన్ ఆపేసి ఉందట. నర్సు రేపు ఇంటికెళ్తుంది."

"రేపెందుకు?"

"ఇవాళ ఆవిడ డ్యూటీ అయిపోయిందట."

"బాగుందమ్మా మీ అందరి వరస. ఒకడికి ఫొటో టైము, ఒకామెకి డ్యూటీ టైము. ఆ పిల్లకి లేదా టైము?" పాప నోట్లో చెంచా పెడుతూ, "నువ్వు కూడా మొహం అలా మాడ్చుకోకు. తప్పు చేశావు, తెలుసుకున్నావు. మీ ఆఫీసులో తెలుసుకున్నవాళ్లు ఇంకా ఎంతమంది?" అంది.

గొట్టాలమ్మ పాపను తీసుకుని మడమ చూసింది. ఏ గుర్తూ లేదు. ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు. పాపకు కితకితలయ్యి కాలు లాక్కుంది.

మంగళవారం నర్సు వెళ్లిన ఇంటికి తాళం ఉంది. తల్లి బిడ్డను తీసుకుని వాళ్లక్క ఇంటికి వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు, ఆ ఇల్లెక్కడో సరిగ్గా తెలియదన్నారు. ఆ రోజంతా గొట్టాలమ్మ ఎవరు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చింది. మేనేజర్ ఎదురైతే దారి ఇవ్వలేదు, ఆయనే పక్కకి జరిగాడు. బుధవారం ల్యాబు అక్క నర్సుతో పాటు తనే బయల్దేరి, నాలుగు వీధులు తిరిగి, ఆ అక్కగారి ఇల్లు పట్టుకుంది. బుధవారం మధ్యాహ్నం రక్తం తీశారు. గురువారం పొద్దున ఫోను వచ్చింది.

"నిజమేనమ్మా. జబ్బుంది. డాక్టరు గారు ఇందాకే మందు మొదలుపెట్టారు. మొదటి మాత్ర నా ఎదురుగానే పట్టారు."

"ఇరవై ఒకటో రోజు."

"అవును."

"ఆలస్యమేనా అక్కా?"

"ఆలస్యమే. చెయ్యిదాటిపోలేదంటున్నారు. ముందు ముందు చూస్తూ ఉండాలి. తల్లి మాత్రం నన్ను తిట్టింది. ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు అని. పడ్డాను. ఏం చెప్పను?" అంది.

ఆ తిట్లు ఎవరికి చెందాలో గొట్టాలమ్మకు తెలుసు. పదకొండింటికి సమావేశం. క్లయింటు పెద్దాఫీసు నుంచి ఇద్దరు అధికారులు, మూడు చిన్న ల్యాబులవాళ్లు తెర మీద ఉంటారు. అరగంట ముందు మేనేజర్ తను రాసిన నివేదిక ఆమెకు పంపాడు. ఒకటిన్నర పేజీ. మొదటి వాక్యం ఇలా ఉంది: "కొన్ని ల్యాబుల నుంచి అసంపూర్ణ సమాచారం అందడం వల్ల కొన్ని వరుసలు ఆలస్యంగా నమోదయ్యాయి."

ఆమె కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్లింది. ఈసారి తలుపు తట్టింది.

"అసంపూర్ణం అంటే ఎవరిది సర్? ఫారంలో ఖాళీగా వదలమని ఉంది. వదిలారు. ఆ బిడ్డ బతుకు నిలబడింది ఆ ల్యాబు ఆవిడ చేతిపుస్తకం వల్ల. ఆవిడ మీదకే నెడతారా?"

"ఎవరి మీదకీ నెట్టట్లేదు. భాష అలాగే ఉంటుంది. చూడమ్మా, నిజం మొత్తం రాస్తే ముందు నీ పేరే వస్తుంది. ఆ షరతు రాసింది నువ్వు. నేను నిన్నే కాపాడుతున్నాను."

"నన్ను కాపాడమని నేనడగలేదు."

"ఈ ఏడాది నీ ప్రమోషన్ నా బల్ల మీద ఉంది. సమావేశంలో నేను మాట్లాడతాను. నువ్వు మైకు ఆపుకుని కూర్చో. అంతే."

ఆమె వెళ్లి కూర్చుంది. మైకు ఆపింది కూడా. మేనేజర్ మెత్తగా మాట్లాడాడు. ఆయన గొంతు బాగుంటుంది, వింటే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. "అసంపూర్ణ సమాచారం" దగ్గరికి వచ్చేసరికి తెర మీద ఒక చిన్న గడిలో ల్యాబు అక్క తల దించుకోవడం కనిపించింది. ఇక ముందు పేరు గడి తప్పక నింపేలా ల్యాబులకు ఆదేశం ఇవ్వాలని ఆయన సూచించాడు. అధికారుల్లో ఒకాయన తల ఊపుతూ రాసుకుంటున్నాడు.

గొట్టాలమ్మ మైకు తెరిచింది.

"ఆ సూచన రాసుకోకండి సర్. అది సరైంది కాదు."

మేనేజర్ ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆయన్ని చూడలేదు.

"ల్యాబులు పంపింది అసంపూర్ణం కాదు. మీ ఫారం ప్రకారమే పంపాయి. పేరు ఖాళీగా ఉండకూడదన్న షరతు మా పట్టికలో ఉంది. అది రాసింది నేను. పసిపిల్లల గురించి ఆలోచించకుండా రాశాను. ఆ షరతు వల్ల మొదటిరోజే గొట్టం ఆగింది. ఆగినప్పుడు ఎందుకాగిందో చూడాల్సింది. చూడకుండా, తప్పు వరుసల్ని దాటేసేలా మా ఆఫీసులో అమరిక మార్చారు. తెర ఆకుపచ్చగా కనపడటం కోసం మార్చారు. మార్చమన్నది మా మేనేజర్ గారు. ఏడు వారాలు పంపిన లెక్కా చేరిన లెక్కా ఎవరమూ పోల్చలేదు. తిరిగొచ్చాక ఐదు వారాలు నేనూ పోల్చలేదు. ల్యాబువాళ్లు నాలుగు రోజులు ఫోన్లు చేస్తే, అంతా బాగుందని చెప్పింది కూడా మేమే."

ఆమె గొంతు వణికింది. అది భయం అనుకున్నవాళ్లు ఉండవచ్చు. బల్ల కింద ఆమె పిడికిళ్లు చూసిన సర్లే గారు మాత్రం అలా అనుకోలేదు. ఆయన గొంతు సవరించుకుని తన మైకూ తెరిచాడు.

"మార్చిన చెయ్యి నాదండి. ఆవిడ చెప్పింది నిజం."

అధికారి కలం ఆగింది. ఇప్పటిదాకా రాసుకున్నది కొట్టేసి, కొత్త పేజీ తిప్పాడు. ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలన్నీ మేనేజర్‌కే వెళ్లాయి. పోయిన వరుసలు ఎక్కడున్నాయి, మిగతా క్లయింట్లలో ఇలాంటివెన్ని, ఇంకెవరి గడుల్లో 'దాటెయ్' అని ఉంది. పదకొండు చోట్ల ఉందని తేలింది. ఆ సంఖ్య చెప్పేటప్పుడు ఆయన గొంతు అంత బాగా పలకలేదు.

ఆ సాయంత్రమే ఆమెకు ఉత్తరం వచ్చింది. వచ్చే నెల నుంచి ఆమెను వేరే జట్టుకు మారుస్తున్నారు. కారణం రాయలేదు. ఆమె ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టి, ఆ నెలరోజుల్లో ఏం చెయ్యాలో రాసుకుంది. ప్లగిన్‌లోంచి 'దాటెయ్' అన్న అమరికే తీసెయ్యాలి. పక్క అర కట్టాలి. మోగాల్సిన ఫోను ఎవరిదో పేరు రాయనిదే గొట్టం మొదలే కాకుండా చెయ్యాలి. పాత పదకొండు పేజీలు సొరుగులోంచి తీసింది. తర్వాతి వెర్షన్ ఎవరి చేతుల్లోకో వెళ్లేలోపే అది లోపలికి వెళ్లిపోవాలి. కోపం చల్లారకముందే పని మొదలుపెట్టడం మంచిదని ఆమెకు అనిపించింది.

ఆరింటికి ల్యాబు అక్క ఫోను చేసింది.

"అమ్మా, పొద్దున మీరు మాట్లాడిన దానికి థాంక్స్ చెప్తే బాగుండదు, చెప్పను. ఒక్కటి అడగాలి. మా వాళ్లందరూ భయపడుతున్నారు. రేపట్నుంచి పేరు గడిలో ఏం రాయమంటారు? ఫలానా ఆవిడ పాప అని రాసేద్దామా, గొడవుండదు?"

"వద్దక్కా. పేరు పెట్టకపోతే ఖాళీగానే వదలండి. ఖాళీగా ఉన్నా మోసుకెళ్లాల్సింది మేం."

"మోసుకెళ్తుందా మరి మీ గొట్టం?"

"రేపు పొద్దున మీరు ఎన్ని పంపారో లెక్క నాకు చెప్పండి. ఎన్ని చేరాయో నేను మీకు చెప్తా. రోజూ చెప్పుకుందాం."

"నా పుస్తకం మాత్రం నేను మానను."

"మానకండి" అంది గొట్టాలమ్మ.